బొమ్మ ఎవరిది, బువ్వ ఎవరికి?

కిందటి వేసవిలో ఒక డిగ్రీ కళాశాల విద్యార్థులు తమ ప్రయత్నానికి నాలుగు మంచి మాటలు చెప్పమని నన్ను పిలిచారు. కంప్యూటర్ మీద బొమ్మలు వేసి ఇంటర్నెట్‌లో అమ్ముతారు. వచ్చిన డబ్బుతో ఊరి మురుగుకాలువలో పేరుకున్న ప్లాస్టిక్‌ను తీయిస్తారు. మిగిలినదానితో కాలువ గట్టునున్న పేటలో అన్నం పెడతారు. ఉద్దేశంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. గోడకు అతికించిన పన్నెండు బొమ్మల్లో తొమ్మిదింట ఒకే మనిషి కనిపించింది: మాసిన చీర, భుజాన గోనెసంచి, తల వంచుకుని చెత్తకుప్పలో వెతుకుతున్న స్త్రీ. ఒక బొమ్మలో ఆమె తల వెనుక సూర్యుణ్ణి దేవతా విగ్రహాల వెనుక ఉండే వెలుగుచక్రంలా దిద్దారు. చప్పట్లు ముగిశాక వెనుక వరుసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఈ బొమ్మ అమ్ముడుపోతే డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?" అని అడిగింది. కమిటీ ఖాతాలో అని నిర్వాహకులు చెప్పారు. "కమిటీలో పేటవాళ్లు ఎవరున్నారు?" అంది. ఎవరూ లేరు. ఆమె తల్లి అదే పట్టణంలో కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలని నాకు తరువాత తెలిసింది.

ఆ రెండు ప్రశ్నలకూ ఆ రోజు నా దగ్గర సరైన సమాధానం లేకపోయింది. ఏదో సర్దిచెప్పి దిగివచ్చాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ముందు ఆ కరపత్రంలోని ఒక క్రియాపదం దగ్గర ఆగాలి. "తీయిస్తాం" అని రాశారు. తెలుగులో ప్రేరణార్థక క్రియకు ఒక సామాజిక చరిత్ర ఉంది. అన్నం మనం వండుకుంటాం, బట్ట మనం కొనుక్కుంటాం. కాలువను మాత్రం తీయిస్తాం. వీధిని ఊడిపిస్తాం, దొడ్డిని కడిగిస్తాం, చచ్చిన గొడ్డును లాగిస్తాం. చేయించేవాడు కర్తగా వాక్యం మొదట్లో కూర్చుంటాడు. చేసినవాడి పేరు వాక్యంలో ఉండనక్కరలేదు, అయినా అతని కులం వినేవారందరికీ తెలుసు. విద్యార్థుల మీద నాకేమీ కోపం లేదు. వాళ్లు పుట్టకముందు నుంచీ ఉన్న వాక్యాన్నే వాళ్లూ రాశారు.

ఆ వాక్యంలో కనపడని మనిషి ఎవరో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. నమస్తే పథకం కింద 29 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల వివరాలను కేంద్రం సేకరించింది. 2024లో వెలుగుచూసిన ఆ లెక్కల ప్రకారం వారిలో 91.9 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీలు. ఎస్సీలే 68.9 శాతం. చెత్త ఏరుకునేవారిని ఆ పథకంలోకి చేర్చింది ఆ తరువాతే. ఉత్తరాంధ్ర పట్టణాల్లో చీపురు పట్టిన చేతుల్లో రెల్లివారివి ఎన్నో, హైదరాబాద్ పాత వాడల్లో మెహతర్లవి ఎన్నో, మిగతా ఊళ్లలో మాదిగలవి, మాలలవి ఎన్నో ఆ ఊళ్లలో తెల్లవారుజామున తిరిగినవారికి వేరే చెప్పక్కరలేదు. 2025లో జరిగిన ఎస్సీ వర్గీకరణలో ఆంధ్రప్రదేశ్‌లో రెల్లి, దాని ఉపకులాలున్న మొదటి గ్రూపుకు దక్కింది 1 శాతం. తెలంగాణలో మొదటి గ్రూపులోని 15 కులాలకూ కలిపి 1 శాతం. ఆ పదిహేనింటిలో మెహతర్లు ఉన్నారు, డక్కలివారూ ఉన్నారు. డక్కలివారి సంగతికి మళ్లీ వస్తాను, ఎందుకంటే బొమ్మకూ బువ్వకూ ఉన్న సంబంధం ఈ నేల మీద వాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

డిజిటల్ బొమ్మ డబ్బు కురిపిస్తుందన్న ఆశ ఈ పిల్లలకు ఎక్కడినుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 2021 మార్చిలో బీపుల్ అనే అమెరికన్ చిత్రకారుడి డిజిటల్ చిత్రమాలిక క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. కొన్నది తమిళనాడు నుంచి వెళ్లిన విఘ్నేశ్ సుందరేశన్ అనే వ్యాపారి. మరుసటి ఏడాది యుద్ధం మొదలైన కొద్ది రోజులకే ఉక్రెయిన్ జెండా బొమ్మ ఒక్కటి 2,258 ఈథర్లు, అంటే ఆనాటి విలువలో దాదాపు 67 లక్షల డాలర్లు తెచ్చి ఆ దేశ సైనికుల సహాయ సంస్థకు చేరింది. ఒక జెండా బొమ్మ అంత పని చేయగలిగితే, మా కాలువ బొమ్మ లక్ష రూపాయలైనా తేలేదా అని ఏ విద్యార్థికైనా అనిపిస్తుంది.

అయితే ఎన్‌ఎఫ్‌టీ అనేది బొమ్మ కాదు. ఫలానా బొమ్మ ఫలానావారిది అని అందరికీ కనిపించే చిట్టాలో రాసిన ఒక పద్దు. పద్దుకు విలువ ఉండాలంటే రేపు దాన్ని మరొకడు కొంటాడన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం రెండేళ్లకే కరిగింది. 2023లో 73,257 ఎన్‌ఎఫ్‌టీ సంపుటాలను పరిశీలించిన ఒక అధ్యయనం వాటిలో 69,795 సంపుటాల మార్కెట్ విలువ సున్నా అని తేల్చింది. బొమ్మ చేతులు మారిన ప్రతిసారీ గీసినవారికి కొంత వాటా వస్తూనే ఉంటుందన్న గొప్ప వాగ్దానమూ అదే ఏడాది ఆగస్టులో చెదిరింది. అతి పెద్ద అంగళ్లలో ఒకటైన ఓపెన్‌సీ ఆ వాటాను కొనేవారి, అమ్మేవారి ఇష్టానికి వదిలేసింది. వాటా ఇష్టమైతే ఇవ్వవచ్చన్న రోజున ఎవరిస్తారో కౌలురైతును అడిగితే చెబుతాడు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి డిజిటల్ ఆస్తుల బదిలీ ఆదాయంపై 30 శాతం పన్ను, జూలై నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. బిట్‌కాయిన్ వ్యాపారికీ పేట కోసం బొమ్మ అమ్మే విద్యార్థికీ అంగడి ఒకటే, చట్టం ఒకటే. ఈ చిట్టాలకు అయ్యే విద్యుత్తు పర్యావరణానికి చేటు అన్న విమర్శ ఒకప్పుడు గట్టిగా ఉండేది. 2022 సెప్టెంబరులో ఈథీరియం తన పద్ధతి మార్చుకుని ఆ వాడకాన్ని 99 శాతానికి పైగా తగ్గించుకుంది కనుక ఆ వాదనను ఇక్కడ పెంచను.

కళతో చెత్త మనుషులకు మేలు జరగదా అంటే, జరిగిన చోటు ఒకటి ఉంది. బ్రెజిల్‌లో రియో నగరం పక్కన జార్దిమ్ గ్రమాషో అనే చెత్తగుట్ట ఉండేది. ప్రపంచంలోని అతి పెద్ద చెత్తగుట్టల్లో అదొకటి. దాని మీద వందలాది మంది సీసాలు, డబ్బాలు, ప్లాస్టిక్ ఏరుకుని బతికేవారు. వారిలో నల్లజాతివారు ఎందరో. విక్ మునిజ్ అనే చిత్రకారుడు అక్కడికి వెళ్లి వారిలో కొందరిని ప్రసిద్ధ చిత్రాల భంగిమల్లో నిలిపి ఫోటోలు తీశాడు. ఆ ఫోటోలను పెద్ద గిడ్డంగి నేల మీద గీతలుగా వేయించి, వారు ఏరిన చెత్తనే రంగులుగా పరిపించి, పైనుంచి మళ్లీ ఫోటో తీశాడు. పరిచింది ఆ ఏరుకునేవారే. దానికి వారికి కూలి ముట్టింది. వారి సంఘం నాయకుడు సెబాస్తియావ్ దొస్ సాంతోస్, అందరూ తియావ్ అని పిలిచే యువకుడు, ఫ్రెంచి విప్లవ నాయకుడు మారా స్నానపుతొట్టెలో హత్యకు గురైన దృశ్యంలో మారాగా పడుకున్నాడు. ఆ ప్రింటు లండన్ వేలంలో సుమారు 50 వేల డాలర్లకు అమ్ముడైంది. సొమ్ము వారి సంఘానికి వెళ్లింది. ఈ కథను లూసీ వాకర్ 2010లో 'వేస్ట్ ల్యాండ్' పేరుతో డాక్యుమెంటరీగా తీసింది. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

ఈ కథ చెప్పేవారంతా చిత్రకారుడి మనసు గురించి చెబుతారు. నాకు అందులో ముఖ్యంగా తోచేది వేరు. మునిజ్ వచ్చేసరికే అక్కడ సంఘం ఉంది. తియావ్, అతని తోటివారు దాన్ని నిలబెట్టుకున్నాకే కెమెరా వచ్చింది. అందుకే బొమ్మ సొమ్ము చేరడానికి ఒక చిరునామా దొరికింది. అందుకే 2012లో ప్రభుత్వం ఆ గుట్టను మూసివేసినప్పుడు ఏరుకునేవారు చెల్లాచెదురు కాలేదు. బేరమాడి ఒక్కొక్కరు సుమారు 14 వేల రియాల పరిహారం సాధించుకున్నారు. ఆ పరిహారం ముందు వేలంలో వచ్చిన డబ్బు చిన్నది. చిత్రం కొనిచ్చింది పేరు. సంఘం కొనిచ్చింది హక్కు. మన విద్యార్థులు ఆ సినిమా చూసి చిత్రాన్ని తెచ్చుకున్నారు, సంఘాన్ని మరిచారు.

బ్రెజిల్ దాకా వెళ్లనక్కరలేని ఉదాహరణ మన దగ్గరే ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలు గుడ్డ మీద గీసే పటాలను నేడు పర్యాటకులు గోడ అలంకరణగా కొంటున్నారు. కానీ అవి పుట్టింది గోడ కోసం కాదు, కథ కోసం. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, ఆ పురాణాన్ని పటం విప్పి చెప్పే ఒక్కో ఆశ్రిత కులం. మాదిగల జాంబ పురాణాన్ని చెప్పేవారు డక్కలివారు. డక్కలి కుటుంబం మాదిగవాడకు వచ్చి పటం విప్పితే, ఆది జాంబవుడి నుంచి మొదలై తామే ఈ నేలకు పెద్దలమన్న కథ బొమ్మ బొమ్మగా నడుస్తుంది. కథ ముగిశాక గింజలు, బట్టలు, పైకం ఇచ్చి పంపడం ఆ వాడ బాధ్యత. అది భిక్ష కాదు, డక్కలివారి హక్కు. బొమ్మతో బువ్వ సంపాదించే ఏర్పాటును సిలికాన్ వ్యాలీ కనిపెట్టలేదని చెప్పడానికి ఇంత దూరం వచ్చాను.

ఆ ఏర్పాటును నేను ఆకాశానికి ఎత్తడం లేదు. మాదిగల కంటే కిందమెట్టులో డక్కలివారిని నిలిపింది కూడా అదే ఏర్పాటు. వాడ లోపలికి రానివ్వకుండా దూరాన కూర్చోబెట్టిన ఊళ్లూ ఉన్నాయి. కానీ ఒక విషయంలో అది నేటి ఇంటర్నెట్ అంగడి కంటే నిజాయితీ గలది. పటంలో ఎవరి బొమ్మ ఉందో వారే ఎదురుగా కూర్చుని చూస్తారు. ఆ బొమ్మ తమను తక్కువ చేస్తే ఒప్పుకోరు. జాంబ పురాణ పటంలో మాదిగ తల వంచుకుని ఉండడు. ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టిన గోనెసంచి స్త్రీ బొమ్మను ఆమె ఎన్నడూ చూడదు. కొనేవాడు ఆమెను చూడడు. గీసినవాడు ఏదో వార్తాచిత్రం చూసి గీశాడు. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బొమ్మ గీసినవారిదీ ఫోటో తీసినవారిదీ. బొమ్మలో ఉన్న మనిషికి అందులో వాటా లేదు. చట్టం ఇవ్వని వాటాను ఒక మంచి ఉద్దేశం గల కమిటీ తనంతట తాను రాసివ్వవచ్చు. అందుకు ఏ చట్ట సవరణా అక్కరలేదు, ఒక కాగితం చాలు.

కళకు గుర్తింపు వస్తే కడుపు నిండుతుందన్న భ్రమ గురించి కూడా ఒక మాట. డక్కలి కళాకారుడు, 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లు దాటేసరికి ఆయన హైదరాబాద్ శివారులో భవన నిర్మాణ కూలిగా పనిచేస్తున్న దృశ్యాన్ని తెలుగువారంతా ఫోన్లలో చూశారు. ఆ దృశ్యాన్ని లక్షల మంది పంచుకున్నారు.

ఇక అన్నం సంగతి. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ 2019లో దేశానికంతటికీ వార్త అయింది. అక్కడి పురపాలక సంస్థ 'గార్బేజ్ కెఫే' తెరిచింది. కిలో ప్లాస్టిక్ తెస్తే భోజనం, అర కిలో తెస్తే అల్పాహారం. మన విద్యార్థుల ప్రణాళికలోనూ ఈ ఆలోచన ఉంది: పేటవాళ్లు ప్లాస్టిక్ తెచ్చి అన్నం పొట్లం తీసుకెళ్తారు, బొమ్మల డబ్బుతో పొట్లాలు కొంటారు. అంబికాపూర్‌ను తేలిగ్గా కొట్టిపారేయలేం. స్త్రీల స్వయం సహాయక బృందాలతో ఇంటింటి చెత్త సేకరణను ఆ చిన్న నగరం నడిపిన తీరు పెద్ద నగరాలకు పాఠం. కానీ ప్లాస్టిక్‌కు అన్నం అనే సమీకరణాన్ని కులం తెలిసిన కళ్లతో చదవండి. మురికి ఎత్తినందుకు కూలి డబ్బు కాక కూడు ఇవ్వడం ఈ దేశంలో కొత్త పద్ధతి కాదు. దొడ్లు ఎత్తిన స్త్రీలు సాయంత్రం గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగి మిగిలినది పెట్టించుకున్న చరిత్ర మన తాతల నాటిదే. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకు 'జూఠన్' అని పేరు పెట్టింది అందుకే. ఎంగిలి విస్తళ్లలో మిగిలినది అని ఆ మాటకు అర్థం. డబ్బు చేతికి వస్తే మనిషి ఏం కొనాలో తానే నిర్ణయించుకుంటాడు. కూడు చేతికి వస్తే ఆ నిర్ణయం పెట్టినవాడిది.

ఆకలితో ఉన్నవాడి దగ్గర ఇలాంటి తర్కం మాట్లాడడం సులభమే అని ఎవరైనా అనవచ్చు. అందుకే వేరొక ఉదాహరణ చూపుతాను. హైదరాబాద్‌లో 2014 నుంచీ, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో అన్న క్యాంటీన్ల పేరుతోనూ 5 రూపాయల భోజనం పెడుతున్నారు. ఆ 5 రూపాయలు భోజనం ఖర్చులో ఏ మూలకూ రావు. కానీ అది చెల్లించి టోకెన్ తీసుకున్న రిక్షావాడు గిరాకీ అవుతాడు. చేయి చాపినవాడు కాడు. వరుసలో అతని వెనుక నిలబడ్డ గుమాస్తా అతన్ని నీ కులమేమిటని గానీ, నీ సంచిలో ఎంత ప్లాస్టిక్ ఉందని గానీ అడగడు. బొమ్మల డబ్బుతో ఆకలి తీర్చదలచుకుంటే ఆ డబ్బును ఈ దారిలో పెట్టవచ్చు. చెత్త ఏరినవారికి కూలి నగదుగా, అన్నం అందరికీ సమానంగా. ఈ రెంటినీ కలిపి ముడి వేయకూడదు.

వండేది ఎవరన్నది మరో ప్రశ్న. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో సహాయ శిబిరాల్లో దళితులను నీటికీ నీడకూ దూరం పెట్టిన సంగతి మానవ హక్కుల సంస్థలు నమోదు చేశాయి. ప్రకృతి వైపరీత్యం కూడా పంక్తిని చెరపలేకపోయింది. అదే 2004 ఏప్రిల్‌లో, బడి భోజనం వండే ఉద్యోగాల్లో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో దళిత స్త్రీ వండిందని పిల్లలు తినడం మానితే, తొలగించింది ఆమెను. విద్యార్థుల ప్రణాళికలో పొట్లాలు ఒక హోటల్ నుంచి వస్తాయి. పేటలోనే పొయ్యి వెలిగించి, పేట స్త్రీలకే కూలి ఇచ్చి వండించి, కళాశాల విద్యార్థులూ అదే పంక్తిలో కూర్చుని తింటే ఖర్చు ఒక్క రూపాయి పెరగదు. పెరిగేది మరొకటి. దానికి కమిటీ సిద్ధమా అని నేను అడిగినప్పుడు కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

ప్లాస్టిక్ గురించి కూడా కొంత లెక్క తెలిసి మాట్లాడాలి. మనిషి కంటికి చెత్త అంతా ఒకటే. ఏరుకునేవారికి కాదు. నీళ్ల సీసాకు పాత సామాన్ల కొట్టులో ధర ఉంది. గట్టి ప్లాస్టిక్ బకెట్‌కు ఉంది. అందుకే అవి రోడ్డు మీద ఎక్కువసేపు ఉండవు. తెల్లవారకముందే ఎవరో ఏరుకుపోతారు. కాలువలో మిగిలేది ధర లేనిది: చిప్స్ పొట్లం, షాంపూ ప్యాకెట్, పలచని కవరు. ప్లాస్టిక్, రేకు పొరలు కలిపి అతికించిన పొట్లాన్ని విడదీయడం గిట్టదు కనుక కొట్టువాడు కొనడు. కిలో తూగాలంటే అలాంటివి వందల సంఖ్యలో ఏరాలి. ఏ దాతృత్వ నిధి అయినా నిజంగా పనికివచ్చే చోటు ఇదే: మార్కెట్ ధర కట్టని ప్లాస్టిక్‌కు ధర కట్టి ఏరినవారికి చెల్లించడం. సీసాలు ఏరించి ఫోటో దిగితే, ఆ పని ఇప్పటికే చేసుకుంటున్నవారి నోటి దగ్గర కూడు లాక్కున్నట్టే. ఆదివారం స్వచ్ఛంద సేవకులు పోగేసిన బస్తాల్లోని సీసాలను సోమవారం ఎవరు అమ్ముకున్నారో అడిగి చూడండి.

ఎంత తీశామన్న లెక్కలోనూ జాగ్రత్త అవసరం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో 2020–21లో దేశంలో పుట్టిన ప్లాస్టిక్ వ్యర్థం సుమారు 41 లక్షల టన్నులు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం, భారతదేశంలో ఏటా పర్యావరణంలోకి జారిపోతున్నదే 93 లక్షల టన్నులని అంచనా కట్టింది. పుట్టినదాని కంటే జారినది రెట్టింపుకు మించడం అసాధ్యం. రెండు లెక్కల్లో ఏదో ఒకటి చెత్తబండి వెళ్లని వాడలను లెక్కించలేదన్నమాట. ఆ వాడలు ఏవో పట్టణ పటం చూస్తే అర్థమవుతుంది. ఇక 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ వాడే కంపెనీలు తమ వంతు వ్యర్థాన్ని శుద్ధి చేయించినట్టు సర్టిఫికెట్లు కొని చూపాలి. సర్టిఫికెట్ పుట్టేది శుద్ధి కర్మాగారంలో. ఏరిన చేతి దగ్గర కాదు. మరుసటి ఏడాదే మండలి తనిఖీలో సుమారు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. బ్లాక్‌చైన్‌లో రాస్తే ఇలాంటి మోసం ఉండదని విద్యార్థులు ఉత్సాహంగా చెప్పారు. చిట్టాలో రాసినదాన్ని ఎవరూ చెరపలేరన్నది నిజమే. రాసింది అబద్ధమైతే ఆ అబద్ధాన్నీ ఎవరూ చెరపలేరు. పది కిలోలా, వంద కిలోలా అన్నది తూకం వేసే చోట తేలుతుంది. ఆ తూకం దగ్గర ఏరినవారి మనిషి నిలబడి ఉండాలి.

అలా నిలబడిన మనుషులున్న నగరం పుణె. అక్కడి చెత్త ఏరుకునేవారు 1993లో సంఘం పెట్టుకున్నారు. వారిలో అత్యధికులు దళిత స్త్రీలు. 2008లో వారి సహకార సంస్థ 'స్వచ్ఛ్' నగరపాలక సంస్థతో ఒప్పందం కుదుర్చుకుని ఇంటింటి సేకరణను చేతిలోకి తీసుకుంది. ఇళ్లవారు నెలనెలా ఇచ్చే రుసుము నేరుగా ఆ స్త్రీలకు చేరుతుంది. అమ్మదగిన వ్యర్థం మీద హక్కు వారిదే. చెత్త ఏరుకునేవారిని గుర్తించి వ్యవస్థలో చేర్చుకోవాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పడానికి ఎనిమిదేళ్ల ముందే వారు ఆ పని చేసి చూపారు. అక్కడా కాంట్రాక్టర్ల ఒత్తిడి ఉంది, ఒప్పందం పొడిగించడానికి ప్రతిసారీ వీధికెక్కాల్సి వస్తోంది. అయినా అక్కడి స్త్రీ ఎవరి బొమ్మలోనూ తల వంచుకుని ఉండనక్కరలేదు.

చివరగా డబ్బు నడిచే దారి. బొమ్మ కొనేవాడు అమెరికాలోనో సింగపూర్‌లోనో ఉంటాడని విద్యార్థుల ఆశ. తెలుగువారు అక్కడ లక్షల్లో ఉన్నారు కనుక ఆ ఆశ వృథా కాదు. కానీ విదేశీయుల నుంచి విరాళం పుచ్చుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఢిల్లీలోని ఒకే ఒక బ్యాంకు శాఖలో ఖాతా తెరవాలి. అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు పంచి ఇవ్వకూడదు. అంటే అనుమతి ఉన్న పెద్ద సంస్థ చిన్న పేట సంఘానికి ఒక్క రూపాయి బదిలీ చేయలేదు. పెద్ద సంస్థల పాలకవర్గాల్లో ఏ కులాలవారుంటారో, పేట సంఘంలో ఎవరుంటారో తెలిసిందే. కులం పేరెత్తని ఒక చట్టం కులం గీసిన గీత మీదే ఎలా నడుస్తుందో రాజనీతి శాస్త్ర విద్యార్థులకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఈ చిక్కులన్నీ చూశాక నేను వారికి చెప్పింది ఇది: ఎన్‌ఎఫ్‌టీ వదిలేయండి. బొమ్మను మామూలు ప్రింటుగా, క్యాలెండర్‌గా, ఫోన్ తెరకు పెట్టుకునే చిత్రంగా దేశం లోపలే యూపీఐతో రెండు మూడు వందలకు అమ్మండి. ఖాతా పేట సంఘానిదే కావాలి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులు చాలు.

కులాన్ని బొమ్మల్లోకి తెస్తే ఎవరు కొంటారని ఒక విద్యార్థి సందేహం. బేకరీ ప్రసాద్ పేరుతో సిద్ధేశ్ గౌతమ్, ఆర్టెడ్కర్ పేరుతో రాహీ పుణ్యశ్లోక వేసే డిజిటల్ చిత్రాలను వారికి చూపించాను. అంబేడ్కర్, సావిత్రీబాయి, పేరు లేని దళిత స్త్రీలు ఆ చిత్రాల్లో నేరుగా మన కళ్లలోకి చూస్తారు. నీలిరంగు అక్కడ అలంకారం కాదు. వాటిని చూసి ఫోన్లలో దాచుకునేవారు, గోడకు పెట్టుకునేవారు వేలల్లో ఉన్నారు. జాలి కొనేవారికంటే గౌరవం కొనేవారు తక్కువన్న లెక్క ఎవరు వేశారో నాకు తెలియదు.

కమిటీ కొన్ని మాటలు విన్నది, కొన్ని వినలేదు. హోటల్ పొట్లాలే వస్తాయట, పంక్తి భోజనం సంగతి "తరువాత చూద్దాం" అన్నారు. గోనెసంచి బొమ్మలు తొమ్మిదింటినీ తీసేశారు. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఒక కొత్త బొమ్మ వేసింది. అందులో మనిషి లేదు. తెల్లవారుజామున హాజరు వేసే చోట బల్ల మీద వరుసగా పెట్టిన చేతితొడుగుల జతలు, వాటి పక్కన సంతకాల పుస్తకం. అలాంటి వరుసను తన తల్లి ఎన్నడూ చూడలేదని, ఊహించి వేశానని చెప్పింది. ఆ బొమ్మను సంఘం ఖాతా తెరిచాకే అమ్మకానికి పెడతానని పట్టుబట్టింది. పేట స్త్రీలు ఏడుగురు కలిసి రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టి నాలుగు నెలలైంది. ఇద్దరి ఆధార్‌లలో ఇంటిపేరు తప్పుగా ఉందని కాగితాలు ఒకసారి వెనక్కి వచ్చాయి. మళ్లీ ఇచ్చారు.